నాలుగు కేజీల ఎండు నెత్తళ్లు

ఊరట పెద్ద జంతువుల ఆశ్రయం,
వెంకటాచలం మండలం,
ఏప్రిల్ 22.

గవ్వలదిబ్బ రేవులో పెద్దకాపు అయిన మా చిన్నపోలయ్య తాతకు,

కావలి మనవరాలు సుభాషిణి సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కుని రాస్తున్న ఉత్తరం. అయినా కాగితం పేడ వాసన వేస్తే ఏమీ అనుకోవద్దు. ఇక్కడ నేనూ అదే వాసన, అన్నమూ అదే వాసన.

చేరినరోజు రాసిన కార్డు అందిందనుకుంటాను. ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని నీకు అనుమానం రావచ్చు. నీ ఫోన్ ఎలాగూ ఉప్పునీళ్లలో పడి పోయింది. మా ఫోన్లు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎందుకంటే ఇక్కడ ఒక ముసలి గుర్రం ఉంది. ఇరవై ఏళ్లు పెళ్లికొడుకులను మోసింది. పోయినేడు ఇంటర్న్‌షిప్పుకు వచ్చిన అబ్బాయి ఫోన్ బ్యాండు మేళంతో మోగేసరికి, ఆ గుర్రం ఎవరిదో పెళ్లనుకుని రెండు కంచెలు విరగదొక్కి హైవే దాకా ఊరేగింపుగా వెళ్లింది. అప్పటినుంచి ఫోన్లు బంద్.

ఇక్కడ అరవై ఒక్క ప్రాణులున్నాయి. కుంటి ఎద్దులు, గుడ్డి ఎనుములు, ఒక ఒంటె. ఆ ఒంటెకు చిన్నపిల్లలు కనిపిస్తే చాలు, సవారీకి వచ్చారనుకుని మోకాళ్లు వంచి కూర్చుంటుంది. లేపడానికి నలుగురం కావాలి. మూడేళ్లు పశువైద్యం డిప్లొమా చదివి పేడ ఎత్తుతున్నానని నాన్నకు మాత్రం చెప్పొద్దు. ఆయన నేను ఏసీ గదిలో ఉన్నాననుకుంటున్నాడు.

అసలు సంగతి ఇది. గేటు దగ్గర ఎవరు ఏ గొడ్డును దింపిపోయినా ఇక్కడ ప్రశ్నలు అడగరని కార్డులో రాశాను కదా. అడిగితే మనుషులు భయపడి రోడ్డున వదిలేస్తారని మా పెద్ద డాక్టరు రెబెక్కమ్మగారి మాట. సరిగ్గా అలాగే పోయిన వారం తెల్లవారేసరికి గేటు ముందు ఒకటి పడుకుని ఉంది. ముందరి కుడి గిట్ట కుళ్లిపోయింది. డాక్టరమ్మగారు దాన్ని నాకే అప్పగించారు. జూన్ పదిలోపు అది తన కాళ్ల మీద తాను నడిచిందా, నాకు ఇక్కడే ఉద్యోగం. నడవకపోతే నాన్న చెప్పినట్టు కావలిలో కంప్యూటర్ కోర్సు. నేను కంప్యూటరుకు కట్టు కట్టలేను తాతా.

కానీ అది తినడం లేదు. రెండు గుక్కల తవుడునీళ్లు తప్ప ఏమీ ముట్టదు. పేరు కలెక్టర్ అని పెట్టాను. ఏం పెట్టినా మళ్లీ చూద్దాం అన్నట్టు తల తిప్పుకుంటుంది.

నీ మనవరాలు,
సుభాషిణి

తా.క. అది ఏ జంతువో చెప్పను. నువ్వే కనుక్కో. నీ మూడు ఊహలూ తప్పయితే వచ్చే ఉత్తరంలో చెబుతాను.

*

గవ్వలదిబ్బ,
వాకాడు మండలం,
ఏప్రిల్ 26.

అమ్మణ్ణి సుభాషిణి సముద్రమంత కాలం చల్లగా ఉండాలని తాత చిన్నపోలయ్య దీవించి చెప్పగా, టీకొట్టు హజరత్తయ్య రాసినది.

పాపా, వేట నిషేధం గదా, జూన్ పద్నాలుగు దాకా పడవలన్నీ ఒడ్డునే. ఊరంతా పొద్దుననగా నా కొట్టు ముందర చేరతారు. నీ ఉత్తరం గట్టిగా చదివినాను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నారు గనక, మధ్యలో ఎవరు నోరు తెరిచినా రాస్తున్నాను. ఇక తాత మాట.

మేయ్ అమ్మణ్ణీ, నీ కార్డు అందింది. ఉత్తరం అందింది. ఇక్కడ ఊరు ఊరుగా లేదు. మన అమ్మవారి ఎద్దు కనపడకుండా పోయింది. నువ్వు ఊరికొచ్చి నాలుగేళ్లయింది, నీకు తెలీదు. మూడేళ్ల కిందట గాలివానలో పడవలన్నీ క్షేమంగా తిరిగొచ్చినాయని పోలేరమ్మ పేరుతో అచ్చోసి వదిలినాము. పెద్దబ్బయ అని పిలుస్తాం. పాలతెలుపు. ఎడమ కొమ్ము చివర విరిగుంటాది. కుడితొడ మీద శూలం అచ్చు. వల లాగేటప్పుడు మనతోబాటు తాడు పక్కనే నడుస్తాడు. జాతరనాడు వాడు ముందర నడిచి సముద్రంలో కాళ్లు తడిపితేనే పడవలు దిగేది. ఈసారి జాతర జూన్ పదమూడు.

(కట్టుబాట్లు చూసే మస్తానయ్య మామ అంటున్నాడు: అమ్మవారి ఎద్దుకు తాడెయ్యగూడదు, సూది గుచ్చగూడదు, యాడికి పోతానంటే ఆడికి పోనియ్యాలి. ఇది ఊరి కట్టుబాటు. ఎవుడు తాడేసి తోలకపోయినాడో తెలిస్తే వాడి ఇంటి పడవ మూడేళ్లు ఒడ్డు మీదే. పెద్దకాపు ఇల్లయినా సరే.)

విన్నావు గదా. వాడికి కాలి మీద పుండు కూడా ఉండె. వాకాడు పశువుల డాక్టరు మూడుసార్లు వచ్చి, తాడు లేకుండా నా వల్ల కాదని పారిపోయినాడు. సరే, అది ఊరి గొడవ.

నీ రోగి సంగతి. అది ఏ గొడ్డో నాకేం తెలుసు. ఇక్కడందరూ ఒంటె అన్నారు, నేనూ ఒంటే అన్నాను. ఏ గొడ్డయినా సరే, గంజిలో రవ్వంత ఉప్పేసి, ఎండు నెత్తళ్లు గుప్పెడు నానబెట్టి ముందర పెట్టు. చేత్తో పెట్టు. పెట్టి పక్కకు తిరుక్కో. చూస్తా ఉంటే తినడు. తినదు.

నీ తాత,
చిన్నపోలయ్య (వేలిముద్ర)

తా.క. ఇది రాసినవాడి సొంత మాట. ఒంటెకు ఎండుచేపలు పెట్టమనే పెద్దమనిషిని నేను ఇప్పుడే చూస్తున్నా. ఊరంతా ఎద్దు పోయిందని తిండి మానేస్తే, మీ తాత మాత్రం రెండు పూటలా శుభ్రంగా తింటున్నాడు. పెద్దతనం గదా, దుఃఖం లోపలికి పోయినట్టుంది.

*

ఊరట,
మే 2.

తాతకు,

సుభాషిణి నమస్కారాలు. ఇక్కడ అందరూ క్షేమం. చాలా క్షేమం. అక్కడ అమ్మవారి ఎద్దు పోయిందని చదివి మనసుకు ఎంతో కష్టమేసింది. అటువంటి ఎద్దును నేను ఎక్కడా చూడలేదు. తెల్లటి ఎద్దులే ఇటువైపు తక్కువ.

నా రోగి ఏమిటో చెబుతానన్నాను. ఆవు. గోధుమరంగు ఆవు. రెండు కొమ్ములూ నిండుగా ఉన్నాయి. తొడ మీద ఏమీ లేదు, ఉత్త తొడ. నువ్వు చెప్పిన నెత్తళ్లు పెట్టి చూశాను. ఆవు కదా, ముట్టనే లేదు. ఇప్పుడు పచ్చగడ్డి తింటోంది, దాని గురించి నువ్వేమీ బెంగ పెట్టుకోవద్దు.

ఊరికే ఒక సందేహం. దీనికీ ఆవుకూ సంబంధం లేదు. అమ్మవారి ఎద్దుకు బాగా జబ్బు చేసి, ఎవరో తెలియనివాళ్లు, తెలియక, మంచి మనసుతో, తాడేసి పడుకోబెట్టి, పదకొండు సూదులు గుచ్చి, గిట్ట చెక్కి, కట్టు కట్టారనుకో. మాట వరసకే. అప్పుడు కూడా పడవ మూడేళ్లు ఒడ్డునేనా? లేక సూదికి ఇన్నేళ్లని వేరే లెక్క ఉందా? మస్తానయ్య మామను అడుగు. నేను అడిగానని చెప్పొద్దు.

నీ మనవరాలు,
సుభాషిణి

తా.క. ఎండు నెత్తళ్లు ఒక నాలుగు కేజీలు పంపించు. ఆవుకు కాదు. నాకే. నేనే తింటాను.

*

గవ్వలదిబ్బ,
మే 7.

అమ్మణ్ణి సుభాషిణికి దీవెనలతో తాత చెప్పినది, హజరత్తయ్య రాసినది, ఊరంతా విన్నది.

ఏందిమే ఇది. ఆవా? సరిగ్గా చూసినావా? మూడేళ్లు చదివినావు, ఆవుకీ ఎద్దుకీ తేడా తెలిసే చదువేనా అది? ఎండన పడి తిరుగుతుంటావు, కళ్లు తిరిగుంటాయి. సల్ల తాగి, నీడన కూర్చుని, నిదానంగా ఇంకొకసారి చూడు. వెనక నుంచి చూడు.

(మస్తానయ్య మామ అంటున్నాడు: ఏందబ్బా పోలయ్యా, ఆ పిల్ల ఆవంటే ఆవే. దానికేం అబద్ధం చెప్పాల్సిన పనుంది?)

సరే, ఆవే. ఆ ఆవుకు గిట్ట ఎట్టుండాది? చీము పోయిందా? నిలబడుతున్నాడా? నిలబడుతోందా? అది రాయకుండా పచ్చగడ్డి తింటోంది అని రాస్తే నాకేం తెలిసేది. పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన ఒక్క ముక్కా నాకు నిద్ర పట్టనియ్యలేదు.

మాట వరసకు అడిగిన దానికి మస్తానయ్య జవాబు: తాడుకు మూడేళ్లు, సూదికి మూడేళ్లు, గిట్ట చెక్కినోళ్లని గురించి తాతల నాడు కూడా ఎవురూ ఆలోచించలేదంట. ఎందుకడిగినావని ఆయన నన్ను అడిగినాడు. అడిగింది నువ్వని ఊరంతా వినింది, అయినా నేనే అడిగినానని చెప్పినా.

ఎద్దు కోసం మనుషులు కావలి దాకా పోయి వచ్చినారు. మొన్న మస్తానయ్య పెళ్లాం మస్తానమ్మకు అమ్మవారు పూనింది. నా బిడ్డ ఉత్తరాన ఉండాడు, మెత్తటి పక్క మీద ఉండాడు, ఆడబిడ్డ చేతి కింద ఉండాడు అని చెప్పింది. ఊరంతా దండం పెట్టుకుంది. నాకు చెమటలు పట్టినాయి. ఎండ గదా.

నీ తాత,
చిన్నపోలయ్య (వేలిముద్ర)

తా.క. రాసినవాడి మాట. నాలుగు కేజీల నెత్తళ్లు పార్సిల్ చేసినాము. పాపా, పీపాలకు పీపాలు నీళ్లు తాగు. ఈ ఎండల్లో అన్ని ఎండుచేపలు తిన్న మనిషి బతికినట్టు మా రేవులో దాఖలా లేదు.

*

ఊరట,
మే 13.

తాతకు,

సుభాషిణి నమస్కారాలు. నెత్తళ్లు అందాయి. చాలా రుచిగా ఉన్నాయని తిన్నవాళ్లు అన్నారు. అంటే నేను అన్నాను.

తాతా, అది ఆవే. నీకు అంత అనుమానం ఎందుకొచ్చిందో అర్థం కావడం లేదు. నమ్మకం కుదరాలంటే ఇది విను. నిన్న పొద్దున అది ఈనింది. పెయ్యదూడ. తల్లీబిడ్డా క్షేమం. ఇంక ఆవు కాదని ఎవరూ అనలేరు కదా.

మస్తానమ్మ అత్తకు అమ్మవారు చెప్పింది చదివి ఒళ్లు జలదరించింది. ఉత్తరం అంటే చాలా పెద్ద దిక్కు కదా. విజయవాడ కూడా ఉత్తరమే. కాశీ కూడా ఉత్తరమే. వాళ్లను ముందు ఆ వైపు వెతకమను.

గిట్ట గురించి అడిగావు. చీము పోయింది. కొత్త గిట్ట వస్తోంది. నాలుగు రోజులుగా లేచి నిలబడుతోంది. ఆవు. కానీ అడుగు మాత్రం వెయ్యడం లేదు. నొప్పి లేదని డాక్టరమ్మగారు అంటున్నారు, భయమంట. పడిపోతానని భయం. జూన్ పది దగ్గరకొస్తోంది, నాకు కూడా అదే భయం. రోజూ సాయంత్రం దాని పక్కన కూర్చుని నా గోడు చెప్పుకుంటాను. అది శ్రద్ధగా విని నా జడ నములుతుంది.

నీ మనవరాలు,
సుభాషిణి

తా.క. వల లాగేటప్పుడు మీరు ఐలెస్సా అంటూ ఎత్తుకునే పదం ఎలా మొదలవుతుందో రాసి పంపు. ఎక్కడ గట్టిగా అనాలో, ఎక్కడ ఆపాలో గీత గీసి మరీ పంపు. ఆవుకు కాదు. దూడకు జోలపాటగా.

*

గవ్వలదిబ్బ,
మే 20.

అమ్మణ్ణి సుభాషిణికి, తాత దీవెనలు. ఈసారి తాత తక్కువ మాట్లాడినాడు, ఊరు జాస్తి మాట్లాడింది. అందుకని ఊరి మాట ముందు రాస్తున్నాను. ఇట్లు హజరత్తయ్య.

ఆవు ఈనిందని చదవంగానే మా కొట్టు ముందర ఆడోళ్లు ఒకటే సంబరం. ఎద్దు పోయిన ఇంట్లో దూడ పుట్టిందని, ఇది అమ్మ చూపిన శకునమని మస్తానమ్మ తేల్చేసింది. బాలింత ఆవుకని శొంఠి, బెల్లం, మెంతులు, తెలగపిండి మూట కట్టి పంపుతున్నారు. శొంఠి నెయ్యిలో వేయించి పెట్టమన్నారు. జున్ను పాలు పారబొయ్యొద్దన్నారు. దూడకు పేరు పెట్టొద్దంట, వీళ్లే వచ్చి పెడతారంట.

ఐలెస్సా పదం వేరే కాగితంలో గీతలు గీసి పెట్టినాను. గీసేటప్పుడు సందేహాలొస్తే ముప్పైమంది ఒకేసారి లాగి చూపించినారు. నా కొట్టు పందిరి గుంజ ఊడొచ్చింది.

ఇక తాత మాట.

అమ్మణ్ణీ, నీకు అబద్ధం చెప్పే అలవాటు లేదని నాకు తెలుసు. చిన్నప్పుడు నా తెడ్డు విరగ్గొట్టి, నేనే విరగ్గొట్టినానని ఏడ్చుకుంటా వచ్చి చెప్పినావు. అందుకే అడుగుతున్నా. ఏదైనా జరగరానిది జరిగుంటే దాచబాకు. పోయినాడా? పోయిందా? నువ్వు చేయగలిగింది చేసినావు. ఏ డాక్టరు చేతిలోనైనా కొన్ని పోతాయి. నేను తట్టుకుంటా. దూడ కథలు నాకొద్దు.

(మస్తానయ్య మామ అంటున్నాడు: పుట్టిన ఇంట్లో పోవడం గురించి ఏంది ఆ అపశకునం మాటలు. పోలయ్యకు వయసు మీద పడింది.)

మస్తానయ్య ఇంకోటి చెపుతున్నాడు, రాయమంటున్నాడు. జూన్ పదో తారీకు ఊళ్లోంచి నలభైమంది చిన్నబాబు మినీ లారీలో బయలుదేరతారు. ఎటూ ఎద్దును ఉత్తరాన వెతకాలి గదా, ముందర మీ ఆశ్రయానికొచ్చి దూడను చూసి, జున్ను తిని, ఆడి నుంచి వెతకడం మొదలుపెడతారు. నేను వద్దన్నా. ఎవురూ వినలేదు.

నీ తాత,
చిన్నపోలయ్య (వేలిముద్ర)

తా.క. రాసినవాడి మాట. జున్నుకు పెద్ద డేగిసా ఒకటి తోమి పెట్టినారు. ఖాళీదే తెస్తారు, ఖాళీదే తీసకపోయే జనం కాదు వీళ్లు. నీ తాత వేలిముద్ర ఒకసారి వేసి, చాలదన్నట్టు దాని మీదే మళ్లీ వేసినాడు. ముద్ర చెరిగింది అందుకే.

*

ఊరట,
జూన్ 1.

తాతకు,

ఈ ఉత్తరం మొదలుపెట్టి పది రోజులయింది. రాసింది రాసినట్టు చించేశాను. ఇది ఎనిమిదోది.

ఆవు లేదు. దూడ లేదు. మీరు పంపిన శొంఠీ బెల్లం ఒంటె తినేసింది. నా దగ్గర ఉన్నది పెద్దబ్బయ తాతా. పాలతెలుపు, విరిగిన ఎడమ కొమ్ము, కుడితొడ మీద శూలం అచ్చు. నువ్వు చెప్పినట్టు నెత్తళ్ల గంజి పెట్టి పక్కకు తిరిగితే, బకెట్టు కూడా నాకేశాడు. నీ ఉత్తరంలో అమ్మవారి ఎద్దు ఆనవాళ్లు చదివి, బురద కడిగి తొడ చూసి, ఆ అచ్చు మీద మళ్లీ బురద పూసేశాను. ఎందుకంటే అప్పటికే వాడికి తాడేశాం. సూదులు వేశాం. గిట్ట చెక్కింది నా చేతులతోనే. నిజం రాస్తే ఊరంతా వచ్చి తోలుకుపోతారు, కట్టు విప్పేస్తారు, పది రోజుల్లో వాడు పోతాడు. అందుకని ఆవన్నాను. నువ్వు నమ్మకపోతే దూడను పుట్టించాను. ఇంకో రెండు ఉత్తరాలైతే ఆ దూడ కూడా ఈనేది.

వాడు బతికే ఉన్నాడు. బాగున్నాడు. పోయిన ఆదివారం నేను హజరత్తయ్య మామ గీతల ప్రకారం ఐలెస్సా మొదలుపెట్టాను. నా గొంతు నీకు తెలుసు కదా. వాడు చెవులు రిక్కించాడు. ట్రాక్టరు తోలే సమాధానం అన్న, డాక్టరమ్మగారు, వంటామె, అందరూ ఒక తాడు పట్టుకుని ఉత్తినే లాగుతూ అరిచారు. పెద్దబ్బయ అడుగు వేశాడు. తర్వాత ఇంకోటి. తాడు పక్కనే, మనుషులతో సమానంగా, పదకొండు అడుగులు. నేను అక్కడే పేడలో కూర్చుని ఏడ్చాను. ఇప్పుడు పొద్దునా సాయంత్రం ఆవరణ మొత్తం తిరుగుతున్నాడు.

వాడు ఏ ఊరి ఎద్దో డాక్టరమ్మగారికి చెప్పేశాను. నాకు ఉద్యోగం ఇస్తామన్నారు. కాకపోతే ఎద్దు తాలూకు ఊరివాళ్లు నయమైందని సంతకం పెట్టాలి. వాళ్లు గొడవకు వస్తే ఆశ్రయానికి చెడ్డపేరు, అప్పుడు ఉద్యోగం లేదు. లేకపోతే పోనీ. నా బాధ అది కాదు. నా చేతుల వల్ల నీ పడవ మూడేళ్లు ఒడ్డున పడుతుంది. ఈ వయసులో నిన్ను ఒడ్డున కూర్చోబెట్టాను. తాడు వేసింది నేను, నాకు శిక్ష వెయ్యమను. నువ్వు నా తాతవైనందుకు నీకెందుకు.

వాడికి కాలు నయమైనందుకు మాత్రం నేను క్షమాపణ అడగను.

నీ మనవరాలు,
సుభాషిణి

తా.క. హజరత్తయ్య మామా, ఈ ఉత్తరం ఎట్టి పరిస్థితుల్లోనూ అందరి ముందు గట్టిగా చదవొద్దు. తాతకు ఒక్కడికే, చెవిలో చదువు.

*

గవ్వలదిబ్బ,
జూన్ 5.

ఎద్దు చేత దూడను ఈనించిన నా మనవరాలికి,

తాత చిన్నపోలయ్య ముద్దుపెట్టి చెప్పినది. హజరత్తయ్య తలొంచుకుని రాసినది. ఎందుకు తలొంచుకున్నాడో తర్వాత చెపుతా.

అమ్మణ్ణీ, నీ ఉత్తరం ఊరంతా వినింది. తా.క. చివర్న ఉంటే, చివరికొచ్చిందాకా వాడికి ఎట్టా తెలుస్తాది? గట్టిగా చదవొద్దు అన్న ముక్క కూడా వాడు గట్టిగానే చదివినాడు. చదివి కాగితం మడిచి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అందరూ మస్తానయ్య మొహం చూస్తున్నారు.

నేను లేచినా. ఆ పిల్లను ఏమీ అనబాకండి, పెద్దబ్బయను ఆ గేటు ముందర దింపింది నేనే అని చెప్పినా.

అవునమ్మా, నేనే. పురుగులు పడిన కాలు ఈడ్చుకుంటా వాడు దినామూ నా వాకిట్లోకి వచ్చి పడుకునేవాడు. చూసి చూసి నాకు ముద్ద దిగేది కాదు. అప్పుడొచ్చింది నీ కార్డు. గేటు ముందర ఏ గొడ్డును దింపినా అడగరు అని రాసినావు. ఆ వారమే చిన్నబాబు మినీ లారీ పెట్టించినా. తాడెయ్యలేదు. లారీ దాకా, పలక మీద, లోపలా నెత్తళ్లు చల్లుకుంటా పోయినా. వాడే ఎక్కినాడు. యాడికి పోతానంటే ఆడికి పోనియ్యాలనేది గదా కట్టుబాటు. వాడు వెంకటాచలం పోతానన్నాడు, నేను పోనిచ్చినా. లారీలో నా పక్కన కూర్చుని నెత్తళ్ల గోతం పట్టుకున్నది ఈ హజరత్తయ్యే.

నువ్వు నాలుగు కేజీలు అడిగినప్పుడు, బతికినాడు అనుకున్నా. ఈనింది అనంగానే నా ప్రాణం పోయింది. నన్ను ఏమార్చడానికి దూడను పుట్టించిందంటే ఎద్దు పోయిందనే గదా. పదిహేను దినాలు వాడికోసం లోపల్లోపల ఏడ్చినానమ్మా. బయటికి ఏడిస్తే ఎందుకంటారని భయం.

నేను చెప్పంగానే చిన్నబాబు లేచినాడు, లారీ నాదే అన్నాడు. తర్వాత మస్తానమ్మ లేచింది. వాడు పడుకున్నప్పుడు మూడుసార్లు వేపాకు పసుపు నూరి పూసినానని చెప్పింది. లారీ పోతా ఉంటే చూసిందంట కూడా. ఉత్తరాన ఉండాడని అమ్మ చెప్పిందా, నువ్వు చూసినావా అని ఎవురో అడిగితే, అమ్మ నా కళ్లతోనే చూస్తాది అనింది. అప్పటినుంచి ఒకరి తర్వాత ఒకరు. అరటిపండులో మాత్ర పెట్టినోళ్లు, ఫినాయిలు పోసినోళ్లు, గుడ్డతో ఈగలు తోలినోళ్లు. ఊళ్లో ఎవురికి వాళ్లు దొంగతనంగా వాడికి వైద్యం చేసినోళ్లే. మిగిలింది మస్తానయ్య ఒక్కడు.

ఆఖరికి ఆయనా లేచినాడు. రెండు నెలల కిందట నా కొత్త తువ్వాలు కనపళ్లేదని ఇంట్లో గొడవ చేసినాను గదా అన్నాడు. వాడి కాలికి కట్టింది ఆ తువ్వాలే అన్నాడు. అని ఏడ్చినాడు. అరవై ఏళ్లొచ్చిన మనిషి, మస్తానమ్మ కొంగు పట్టుకుని ఏడ్చినాడు. ఆమె, ఆ తువ్వాలు కోసం నన్ను ఎన్ని తిట్టినావు అని వీపు మీద ఒకటిచ్చింది.

ఇక శిక్ష. అందరి పడవలూ మూడేళ్లు ఒడ్డున పెడితే ఊరు ఇసక తిని బతకాల. అందుకని కట్టుబాటు మార్చినాము. మస్తానయ్యే చెప్పినాడు, హజరత్తయ్య పుస్తకంలో రాసినాడు: అమ్మవారి ఎద్దుకు ఎవురూ తాడెయ్యగూడదు, సూది గుచ్చగూడదు, సుభాషిణి తప్ప.

పదో తారీకు నలభైమందిమీ వస్తున్నాము. మీ డాక్టరమ్మ కాగితం మీద అందరమూ సంతకాలు, వేలిముద్రలు పెడతాము. చోటు చాలకపోతే వెనక పెడతాము. ఆ దినం గేటు తీసి పెట్టు, ఎవురూ వాణ్ణి తోలొద్దు. మేము బయట నిలబడి ఐలెస్సా ఎత్తుకుంటాము. వస్తే జాతరకు తీసకపోతాము. రాకపోతే, వాడికి నీ దగ్గరే బాగుందంటే, వాడు సముద్రంలో కాళ్లు తడపడం చూసినామని చెప్పి, మా పడవలను ఈ ఏడు దించే పూచీ మస్తానమ్మ కళ్లు తీసుకుంటాయి.

నీ తాత,
చిన్నపోలయ్య

తా.క. రాసినవాడి మాట. పాపా, ఇంకమీద రహస్యమైతే మొదటి ముక్కలోనే రాయి. ఇంకొకటి, డేగిసా లారీలోకి ఎక్కించేసినారు. దూడ లేదని అందరూ విన్నారు గానీ, జున్ను మీద ఆశ మాత్రం ఎవురికీ చావలేదు. ఒంటె పాలకు జున్ను వస్తాదా అని మస్తానమ్మ అడగమంది.

ఇంకొక తా.క. ఇది హజరత్తయ్య రాసింది కాదు. నేనే రాస్తున్నా. వారం నుంచి నేర్చుకున్నా. నెత్తళ్లు తెస్తున్నా. ఈసారి నువ్వు తినబాక, వాడికి పెట్టు.